ఏ జాతిలో పుడతావు?

ఏ జాతి, ఆడా మగా, ఏ పని. ఇంటర్నెట్ మీద వేలమంది ఒకేసారి కలిసి ఆడే కాల్పనిక లోకాల ఆటల్లో చేరాలంటే సాధారణంగా ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెప్పకపోతే లోపలికి రానివ్వరు. మనం బతికే లోకంలో ఈ మూడూ మనల్ని అడిగి నిర్ణయించేవి కావు. పుట్టగానే కులం అంటించేస్తారు, ఆడపిల్ల అని పెదవి విరుస్తారు, జీవితమంతా చెయ్యాల్సిన చాకిరీ ఏమిటో నడక రాకముందే ఖాయమైపోతుంది. అటువంటిది, ఎవరో మనల్ని కూర్చోబెట్టి 'ఏ జాతిలో పుడతావు?' అని అడగడం ఎంత బాగుంటుంది! ఈ ఆటల ఆకర్షణ సగం ఆ ప్రశ్నలోనే ఉందని నా అనుమానం.

ఈ విషయం మీద సంపాదకీయం రాస్తానంటే మా సంపాదకవర్గంలోనే ఒకరిద్దరు ముఖం చిట్లించారు. గృహహింస కేసులు, ఒంటరి స్త్రీల పింఛన్లు, అంగన్‌వాడీ టీచర్ల జీతాలు, ఇన్ని సమస్యలు ఎదురుగా పెట్టుకుని కోసు చెవుల బొమ్మల సంగతి మనకెందుకని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ అశ్లీల సినిమా పోస్టర్ల మీద తారు పూసింది మనమే కదా. వాచకాల్లో అమ్మ పొయ్యి దగ్గర, నాన్న పేపరుతో, అన్న బంతితో, చెల్లి చీపురుతో ఉన్న బొమ్మలను పేజీ పేజీ వెతికి పట్టుకున్నదీ మనమే. ఇవాళ మన ఇళ్లలో పిల్లలకు దొరికే కథల్లో కొన్ని ఈ తెరల మీదనుంచే వస్తున్నాయి. కథలని చిన్న మాట అన్నాను గానీ అవి పురాణాలు. ఆట తయారుచేసే కంపెనీ ఒక్కో జాతికి ఒక పుట్టుక కథ, ఒక దేవత, ఒక శాపం, ఒక పగ, ఒక వలస చరిత్ర రాసిపెడుతుంది. వాటి మీద నవలలు, కామిక్ పుస్తకాలు వేస్తుంది. ఈ పురాణాల్లో స్త్రీ ఎక్కడుందో చూడకుండా వదిలెయ్యడం మనకు తగదని నా అభిప్రాయం.

తెలియనివారి కోసం ఒక ఆట గురించి కొంచెం వివరంగా చెపుతాను. అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ 2004 నవంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటను విడుదల చేసింది. ఇప్పటికీ నడుస్తోంది. మొదట్లో అందులో ఎనిమిది జాతులు, రెండు కూటములు. మానవులు, డ్వార్ఫ్‌లనే పొట్టివాళ్లు, నోమ్‌లు, నైట్ ఎల్ఫ్‌లు ఒక వైపు. ఆర్క్‌లు, ఎద్దు తలల టారెన్‌లు, ట్రోల్‌లు, చచ్చి లేచినవాళ్లు రెండో వైపు. ఒక కూటమివాళ్లు రాసిన మాట రెండో కూటమివాళ్లకు అర్థంలేని అక్షరాలుగా కనిపించేది. శత్రువు మాట అర్థం కాకుండా చెయ్యడం యుద్ధానికి ఎంత అవసరమో ఆ ఆట తయారుచేసినవాళ్లకు బాగానే తెలుసు.

ఆ లోకంలో ఉన్నవి ఆ ఎనిమిది జాతులే కావు. నెత్తిన కొవ్వొత్తి పెట్టుకుని గనుల్లో తవ్వుకునే కోబోల్డ్‌లున్నారు. నీటి ఒడ్డున గుడిసెలు వేసుకున్న మర్లాక్‌లున్నారు. వాళ్లకూ మాటలున్నాయి, ఊళ్లున్నాయి. కానీ వాళ్లుగా పుట్టడానికి వీల్లేదు. వాళ్లను చంపితే మన అనుభవం పెరుగుతుంది, వాళ్ల జేబుల్లోంచి నాణేలు రాలతాయి. మానవజాతిని ఎంచుకుని ఆటలోకి వచ్చిన కొత్తవాళ్లకు మొదట అప్పగించిన పనుల్లో ఒకటి, ఇన్ని కోబోల్డ్‌లను చంపి రమ్మనడం. ఎంచుకోదగిన జాతికీ చంపదగిన జాతికీ తేడా ఎక్కడుందని వెతికితే అది బలంలో లేదు, తెలివిలో లేదు. కథలో ఉంది. ఎవరికి పూర్తి కథ రాశారో వాళ్లు మనుషుల లెక్కలోకి వస్తారు. రాయనివాళ్లు నాణేల లెక్కలోకి పోతారు. హక్కుల గురించి పనిచేసేవాళ్లకు ఈ తేడా వివరించనక్కర్లేదు.

ఈ గీత దాటి వచ్చిన జాతి ఆర్క్‌లు. వాళ్ల ప్రయాణం చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఈనాటి ఆటల్లోని ఆర్క్‌లకు మూలపురుషుడు ఇంగ్లండు రచయిత టోల్కీన్. 1954-55లో వచ్చిన ఆయన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలో ఆర్క్‌లు దుష్టుడి సైన్యం. వాళ్లు ఎలా ఉంటారో 1958లో రాసిన ఒక ఉత్తరంలో ఆయన వర్ణిస్తూ, యూరపువారి కంటికి అందవికారంగా కనిపించే మంగోల్ ముఖాలకు పోల్చాడు. చెడ్డతనానికి ఒక ముఖం గీయాల్సి వచ్చినప్పుడు ఆయన చెయ్యి తూర్పువైపు వెళ్లింది. పుట్టుకే నేరమన్న ఊహ తెల్లవాళ్ల కథల్లోనే ఉండిపోలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టింది ఆ చట్టం నీడలోనే. 1952లో చట్టం రద్దయింది. స్టువర్టుపురం అనగానే దొంగలని నవ్వే సినిమా మాటలు మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు రద్దు కాలేదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి, కథ చెప్పుకుంటూ ఆడే ఆట అది. ఇవాళ్టి కంప్యూటర్ కాల్పనిక ఆటలన్నీ దాని మనవలు, మునిమనవలు. స్వభావాన్ని అంకెలుగా మార్చిన ఘనత ఆ ఆటదే. ఈ జాతికి బలం ఇంత, ఆ జాతికి తెలివి అంత అని పట్టికలు వేశారు. 1978లో వచ్చిన దాని నియమాల పుస్తకం చూడండి. మానవ పురుషుడికి బలం 18 అంకె దాటాక ఇంకా శాతాల్లో నూరు దాకా పెరగొచ్చు. మానవ స్త్రీకి అదే చోట 50 దగ్గర గీత గీశారు. ఇతర జాతుల్లో చాలావాటి స్త్రీలకు అంతకన్నా కింద. డ్రాగన్లు నిప్పులు కక్కే లోకం, మంత్రం వేస్తే గోడలు కరిగే లోకం. అక్కడ నమ్మశక్యం కానిది ఒక్కటే: బలమైన ఆడది. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఈ గీత తీసేశారు.

అదే 1978 పుస్తకంలో సగం ఆర్క్, సగం మనిషి అయిన జాతిని ఎంచుకునే వీలు కల్పించారు. ఈ బిడ్డ ఎలా పుట్టింది? ఒక తరం ఆటగాళ్లు ఆ ప్రశ్నకు జవాబును చెప్పకనే చెప్పుకున్నారు. దాడికి వచ్చిన ఆర్క్‌లు, దాడికి గురైన ఊరు, ఆ ఊరి స్త్రీ. ఒక జాతి పుట్టుకకు ఒక స్త్రీ మీద జరిగిన అత్యాచారం కారణమని అందరికీ తెలుసు. ఆ స్త్రీ పేరు మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ పెట్టలేదు. ఆమె ఆ బిడ్డను ఎలా పెంచింది, ఊరు ఆమెను ఉండనిచ్చిందా, ఏ పెద్దలు తీర్పు చెప్పారు, ఇవేవీ పురాణంలో లేవు. ఇటువంటి బిడ్డలున్న తల్లులను మనం ఆశ్రమాల్లో, కోర్టు వరండాల్లో చూస్తూనే ఉన్నాం. కథ అంతా వాళ్ల దగ్గరే ఉంటుంది.

వార్‌క్రాఫ్ట్‌లో ఆర్క్‌లకు నిజంగానే మంచి కథ దొరికింది. 1994లో వచ్చిన మొదటి ఆటలో వాళ్లు ఉత్త దండయాత్రికులు. 2002లో వచ్చిన మూడో ఆటనాటికి వాళ్లు సొంత లోకం పోగొట్టుకున్నవాళ్లు, రాక్షస రక్తం తాగించగా మతిపోయినవాళ్లు, ఓడిపోయి నిర్బంధ శిబిరాల్లో మగ్గినవాళ్లు. వాళ్ల నాయకుడు థ్రాల్‌ను పసితనంలో మనుషులు పట్టుకుని బానిసగా పెంచి, జనం వినోదానికి గోదాలో కొట్లాడించారు. థ్రాల్ అనే పేరుకు అర్థమే బానిస. అతను తప్పించుకుని తన జనాన్ని శిబిరాల్లోంచి విడిపించుకుంటాడు. చంపదగిన జాతిని అర్థం చేసుకోదగిన జాతిగా మార్చిన ఈ కథను నేను తక్కువ చెయ్యను. ఈ ఆటల్లో స్వతంత్రమైన ఊహ అనదగినవి కొన్నే ఉన్నాయి, అందులో ఇదొకటి.

అయితే ఆ కథ ఎవరిది? డ్యురోటన్ కొడుకు థ్రాల్, గ్రామ్ కొడుకు గరోష్. తండ్రులు, కొడుకులు, తండ్రుల తప్పులు మోసే కొడుకులు. థ్రాల్ తల్లి డ్రాకా మొదటి కథల్లో భర్తతోపాటు చనిపోవడానికే ఉంది. ఆమె సొంతంగా యోధురాలిగా కనిపించడానికి 2014 విడుదల దాకా ఆగాల్సి వచ్చింది. గరోనా అనే సంకర స్త్రీ ఉంది. 1994లో సగం మనిషి అన్నారు. తర్వాత కథ మార్చి, ఆర్క్‌లు బందీగా పట్టిన డ్రెనై జాతి స్త్రీకి పుట్టిందన్నారు. వంశం మారింది గానీ బందీ అయిన తల్లి మారలేదు. అలెక్స్‌ట్రాజా అనే ఎర్ర డ్రాగన్ల రాణి ఉంది. ఆర్క్‌లలో ఒక తెగ ఆమెను గొలుసులతో కట్టేసి, ఆమె పిల్లలను యుద్ధవాహనాలుగా వాడుకుంటుంది. స్త్రీ కడుపును ఆయుధాల కర్మాగారంగా మార్చడం అంటే ఇదే. ఇంత భయంకరమైన విషయం ఆ పురాణంలో యుద్ధ వ్యూహంగానే మొదలైంది. నాకెప్పుడూ ఒక మామూలు సందేహం: ఆ ఆర్క్ శిబిరాల్లో నీళ్లెవరు మోశారు, పురుళ్లెవరు పోశారు? ఇన్ని నవలలు రాశారు కదా.

కొత్త జాతులను సృష్టించామని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. చాలావాటి మీద రంగు గీకి చూస్తే మనకు తెలిసిన జనమే కింద కనిపిస్తారు. టారెన్‌ల గుడారాలు, టోటెమ్ స్తంభాలు అమెరికా ఆదివాసులవి. ట్రోల్‌ల మాట యాస కరీబియన్ దీవులది. 2012లో చేర్చిన పాండరెన్‌లు చైనా దుస్తులు తొడిగిన ఎలుగుబంట్లు. 2002లో ఏప్రిల్ ఫూల్ వేళాకోళంగా మొదలైన బొమ్మకు పదేళ్ల తర్వాత దేశం, చరిత్ర ఇచ్చారు. గమ్మత్తేమిటంటే మానవజాతి మాత్రం యూరపు కోటల్లోనే ఉంటుంది. తెల్లవాళ్లు మనుషులు, తక్కినవాళ్లు జాతులు.

వీటన్నిటిలో నాకు నచ్చిన ఊహ నైట్ ఎల్ఫ్‌లది. 2002 ఆటలో ఈ జాతి మగవాళ్లు డ్రూయిడ్‌లనే ప్రకృతి సాధకులు. వేల ఏళ్లపాటు కలలోకంలో నిద్రపోతుంటారు. అంతకాలం అడవిని కాపలా కాసింది, సైన్యాన్ని నడిపింది, చంద్రదేవత పూజ చేసింది స్త్రీలు. వాళ్ల నాయకురాలు టిరాండే. ఇది ఎక్కడా అద్దెకు తెచ్చినట్టు లేదు. పైగా ఈ స్త్రీల అధికారం మీద ఏ శాపమూ పెట్టలేదు. 2004లో ఈ జాతిని అందరూ ఎంచుకునేలా చేసినప్పుడు, మగవాళ్లు పూజారులు కావచ్చు, స్త్రీలు డ్రూయిడ్‌లు కావచ్చు అన్నారు. అది సమానత్వమే, కాదనను. కానీ అదే ఆటలో అదే ఇనుప కవచాన్ని మగ బొమ్మకు తొడిగితే ఒళ్లంతా కప్పేది, ఆడ బొమ్మకు తొడిగితే చాలాసార్లు రవికె ముక్క అయ్యేది. వేల ఏళ్లు అడవిని కాపాడిన సైన్యం పొట్ట బయటపెట్టుకుని ఎలా యుద్ధం చేసిందో ఏ పురాణమూ చెప్పదు. పురాణం రాసేవాళ్లు ఒక గదిలో, బొమ్మలు గీసేవాళ్లు ఇంకో గదిలో కూర్చున్నారేమో!

స్త్రీలు పాలించే జాతి ఇంకొకటి ఉంది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో 1970ల చివర్లోనే పుట్టిన డ్రౌ జాతి. నల్లని చర్మం, భూమి అడుగున చీకటి నగరాలు, లోల్త్ అనే సాలెపురుగు దేవత, ఆ దేవత పూజారిణుల పాలన, అణిగి ఉండే మగవాళ్లు. 2006లో ఇంటర్నెట్ మీదకు వచ్చిన ఆ ఆట రూపంలో డ్రౌగా పుట్టే వీలు కూడా ఉంది. ఈ జాతి క్రూరత్వానికి ప్రసిద్ధి. నలుపు, స్త్రీ పాలన, క్రూరత్వం, ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టి దశాబ్దాలపాటు అమ్మారు. ఇక్కడ వింత ఏమిటంటే ఈ పురాణంలో స్త్రీలు మగవాళ్లను చేసేవన్నీ, తక్కిన జాతుల్లో మగవాళ్లు స్త్రీలను చేసేవే. అప్పుడు దాన్ని ఆచారమన్నారు. ఇక్కడ రాక్షసత్వమన్నారు.

ఇప్పటిదాకా చెప్పింది కంపెనీ రాసిన పురాణం. ఆడేవాళ్లు కూడా పురాణం రాస్తారు. 2003లో కొరియా కంపెనీ ఎన్‌సిసాఫ్ట్ తెచ్చిన 'లీనియేజ్ 2' ఆటలో జరిగిన సంగతి మన కార్యకర్తలందరూ తెలుసుకోవలసినది. అందులోనూ డ్వార్ఫ్ జాతి ఉంది. మగవాళ్లు గడ్డాల ముసలివాళ్లు, ఆడవాళ్లు చిన్నపిల్లల్లా కనిపించే బొమ్మలు. చంపిన జంతువు నుంచి అదనపు సరుకు రాబట్టే విద్య, వస్తువులు తయారుచేసే విద్య ఈ జాతికే ఇచ్చారు. అంటే ఆ లోకంలో ఉత్పత్తి చేసే కులం వాళ్లది. ఆటలో సంపాదించిన నాణేలను బయట అసలు డబ్బుకు అమ్ముకోవచ్చు. కనుక కూలికి ఆడేవాళ్లు వచ్చారు. వాళ్లలో చాలామంది చైనా కార్మికులు, ఎక్కువ గంటలు, తక్కువ కూలి. ఎక్కువగా వాళ్లు ఎంచుకున్నది డ్వార్ఫ్ స్త్రీ రూపం.

ఆ తర్వాత కొన్నాళ్లకే అమెరికా ఆటగాళ్లకు డ్వార్ఫ్ స్త్రీ కనిపిస్తే చైనా కూలి అన్న లెక్క కుదిరింది. కనిపించినచోట చంపడం, గుంపులో చేర్చుకోకపోవడం, తిట్టడం. సరదాకి ఆ రూపాన్ని ఎంచుకున్న మామూలు ఆటగాళ్లు కూడా, మేం వాళ్లం కామని రుజువు చేసుకోవలసి వచ్చింది. కాన్‌స్టెన్స్ స్టైన్‌క్యూలర్ 2006లో, లీసా నకమూరా 2009లో తమ వ్యాసాల్లో ఈ సంగతిని చర్చించారు. కంపెనీ రాసిన పుట్టుక కథలో ఈ ద్వేషం ఎక్కడా లేదు. మనుషులే మోసుకొచ్చారు. వలస కూలీ మీద ఉన్న కోపానికి ఒక ఆడ శరీరం దొరికింది. మన నగరాల్లో పొరుగు రాష్ట్రాలనుంచి పనికి వచ్చిన ఆడకూలీల గురించి బస్తీల్లో వినబడే మాటలు గుర్తు తెచ్చుకోండి. యజమాని మీద రాని కోపం, కూలి తగ్గించిన మేస్త్రీ మీద రాని కోపం, అదే చెట్టు కింద అన్నం మూట విప్పుకున్న స్త్రీ మీద వస్తుంది.

పిల్ల రూపం అన్నాను కనుక ఒక మాట. 2011లో కొరియాలో వచ్చిన 'టెరా' ఆటలో ఎలిన్ అని ఒక జాతి ఉండేది. అందులో మగవాళ్లే లేరు. అందరూ జంతువుల చెవులు, తోకలున్న చిన్నపిల్లల రూపాలు, వాళ్లకు తొడిగింది పెద్దవాళ్ల కళ్ల కోసం కుట్టిన బట్టలు. అమెరికాలో విడుదల చేసేటప్పుడు ఆ బట్టలు కొంత మార్చారు. ఇది వేల ఏళ్లు బతికే జాతి, చూడడానికే చిన్నపిల్ల అని ఇటువంటి ఆటలను సమర్థించేవాళ్లు అంటుంటారు. బాల్యవివాహం ఆపడానికి వెళ్లినప్పుడు, చూడడానికే చిన్నది గానీ వయసుందమ్మా అని మనతో అనేవాళ్ల వాదనకు ఇది తిరగేసిన రూపం. పురాణం ఇలా కూడా పనికొస్తుంది.

మార్పులు రాలేదని కాదు. 2020 జూన్‌లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కంపెనీ, ఆర్క్‌లూ డ్రౌలూ పుట్టుకతో చెడ్డవాళ్లు కారని ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన పుస్తకంలో జాతిని బట్టి వచ్చే అంకెలను ఆటగాళ్లే మార్చుకునే వీలిచ్చారు. 2024 పుస్తకంలో 'రేస్' అన్న మాట తీసేసి 'స్పీషీస్' అని పెట్టారు. సగం ఆర్క్, సగం ఎల్ఫ్ జాతులు ఆ పుస్తకంలో లేవు. అభ్యంతరం లేకుండా పోతుందని తీసేసి ఉంటారు. నాకు మాత్రం ఇది నచ్చలేదు. ఆ తల్లి కథ చెప్పాల్సి వచ్చేసరికి బిడ్డనే జాబితాలోంచి తొలగించారు. వార్‌క్రాఫ్ట్‌లో 2020లో మానవజాతికి రకరకాల చర్మపు రంగులు, ముఖాలు వచ్చాయి. 2022లో ఆడ, మగ అన్న మాటలకు బదులు ఒకటో శరీరం, రెండో శరీరం అని పెట్టారు.

ఈ రెంటికీ మధ్య ఇంకొకటి జరిగింది. 2021 జులైలో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ, స్త్రీ ఉద్యోగులపట్ల జీతాల్లో, పదోన్నతుల్లో వివక్ష, లైంగిక వేధింపులు జరిగాయని బ్లిజార్డ్ మాతృసంస్థ మీద దావా వేసింది. సంస్థ ఆరోపణలను ఒప్పుకోలేదు. 2023 డిసెంబరులో సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. వేధింపుల ఆరోపణలను శాఖ ఉపసంహరించుకుంది, వాటి మీద కోర్టు తీర్పు రాలేదు. దావా పడిన కొన్ని నెలలకు ఆటలో కొన్ని మార్పులు చేశారు. గోడ మీద వేలాడే స్త్రీ చిత్రం ఒకటి తీసేసి, ఆ స్థానంలో పళ్లగిన్నె బొమ్మ పెట్టారు. ఉద్యోగినులు అడిగింది జీతం గురించి, గౌరవం గురించి. గోడ మీద బొమ్మ మార్చడానికి ఎవరికీ జీతం పెంచనక్కర్లేదు.

పురాణం ఎవరి చేతిలో ఉందన్నదే నా బెంగ. మన దగ్గర కులపురాణాలున్నాయి. మాదిగల జాంబపురాణం ఉంది. సృష్టి కన్నా ముందే తమ మూలపురుషుడు జాంబవుడు ఉన్నాడని అది చెపుతుంది. ఊరు ఊరంతా తక్కువ పుట్టుక అన్నప్పుడు, కాదు అందరికన్నా ముందు పుట్టినవాళ్లం అని తిరిగి చెప్పే శక్తి ఆ కథది. ఆ కథ డక్కలివాళ్ల నోట, చిందువాళ్ల ఆటలో బతికింది, ఏ కంపెనీ దగ్గరా హక్కులు కొనుక్కోలేదు. ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖను వోల్గా 'విముక్త' కథల్లో మనిషిగా నిలబెట్టింది. దానికి రచయిత్రి ఎవరి అనుమతీ అడగలేదు. ఆటల పురాణాలకు యజమానులున్నారు. థ్రాల్ తల్లి కథను ఒక అమ్మాయి తన పుస్తకంలో రాసుకుంటే రాసుకోవచ్చు గానీ, ఆటలో ఆ కథకు చోటిచ్చేదీ ఇవ్వనిదీ కంపెనీయే.

అయినా రాసుకోవడం మొదలుపెట్టాలి. కిశోర బాలికల బృందాలతో పనిచేస్తున్న సంస్థలకు ఒక విన్నపం. ఈ మూడు నెలల్లో ఒక మధ్యాహ్నం ఈ పనికి కేటాయించండి. కంప్యూటర్ అక్కర్లేదు, కాగితాలు చాలు. ఒక జాతిని ఊహించి, దాని పుట్టుక కథ రాయమనండి. రెక్కలు, కొమ్ములు, మంత్రాలు వాళ్లిష్టం. రాశాక ఈ ప్రశ్నలు వెయ్యండి: ఆ జాతిలో నీళ్లెవరు తెస్తారు, బిడ్డకు పేరు ఎవరు పెడతారు, పెళ్లి వద్దన్న అమ్మాయి ఎక్కడికి వెళుతుంది, పొరుగు జాతివాళ్లు దారి తప్పి వస్తే ఏం చేస్తారు. జవాబులు కూడా కథలో కలిపి పంపించమనండి. రెండు పేజీలకు మించకుండా ఉంటే మంచిది. ఏ యాసలో రాసినా దిద్దకుండా వేస్తాం. రాయడం రాని పిల్లలు చెపుతుంటే ఎవరైనా రాసిపెట్టండి, కానీ మధ్యలో మీ మాటలు చేర్చకండి. పేరు వద్దనుకున్నవాళ్లు ఊరి పేరు రాస్తే చాలు. వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాళ్లకోసం ఉంచాం.